సిద్ది మసూద్ ఖాన్

సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దములో ఆదోనిని పాలించిన హబ్షీ ప్రభువు. బీజాపూరు ఆదిల్‌షాహీ రాజ్యపు చివరి వజీరులలో ఒకడు. 1662 నుండి సుమారు పాతికేళ్ళపాటు ఆదోని దుర్గము, దాని చుట్టుప్రక్కల సీమ ఈయన చేతిలో ఉన్నాయి. 1678 ఫిబ్రవరి నుండి 1683 నవంబరు వరకు బీజాపూరులో వజీరుగా, బాలుడైన సుల్తాను సికందర్ ఆదిల్‌షాకు సంరక్షకునిగా వ్యవహరించాడు. 1688 ఆగస్టులో ఆదోనిని మొగలు సైన్యమునకు అప్పగించాడు. ఆదోనిలోని షాహీ జామియా మసీదును కట్టించినది ఈయనే. శ్రీ రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామమును, అనగా నేటి మంత్రాలయమును, ఇచ్చిన ఆదోని నవాబుగా మఠ సంప్రదాయము ఈయనను పేర్కొంటుంది.

తూర్పు ఆఫ్రికా నుండి బానిసలుగా దక్కనుకు తేబడి, సైనికులై, స్వేచ్ఛ పొంది, కోటలకు అధిపతులైన హబ్షీల చరిత్రలో మసూద్ ఖాన్ జీవితము ఒక ముఖ్యమైన అధ్యాయము. రాయలసీమ కరువు పీఠభూమిలో ఆ చరిత్రకు మిగిలిన కట్టడాలలో ఎక్కువ భాగము ఆదోనిలోనూ, కర్నూలులోనూ కనిపిస్తుంది.

హబ్షీలు, సిద్దీలు

అరబ్బులు ఇథియోపియా ప్రాంతమును హబష్ అని పిలిచేవారు. ఆ పేరునుండే హబ్షీ అను మాట వచ్చినది. సిద్ది అను మాట ప్రభువు అనే అర్థముగల అరబ్బీ పదమునుండి వచ్చినదని సాధారణముగా చెబుతారు. ఎర్ర సముద్రపు రేవులనుండి, తూర్పు ఆఫ్రికా తీరమునుండి బానిస వర్తకులు చిన్నపిల్లలను, యువకులను కొని అరేబియా, ఇరాక్‌ల మీదుగా భారతదేశపు పడమటి తీరమునకు తెచ్చి అమ్మేవారు. బహమనీ సుల్తానుల కాలమునాటికే దక్కనులో హబ్షీ సైనికులు ఉన్నారు. బహమనీ రాజ్యము ముక్కలైన తరువాత అహ్మద్‌నగర్, బీజాపూరు రాజ్యాలలో వీరి సంఖ్య, పలుకుబడి పెరిగాయి.

దక్కనులోని ఈ బానిసత్వము అమెరికా ఖండపు చెరకు తోటల బానిసత్వమునకు భిన్నమైనది. ఇక్కడ కొన్నవారిని పొలము పనికంటె ఎక్కువగా కత్తి పట్టుటకు, ఇంటి కాపలాకు, ఖజానా చూచుటకు నియోగించేవారు. బంధువులెవరూ లేని పరాయి దేశములో యజమాని తప్ప వేరే దిక్కు లేనివాడు విశ్వాసముగా ఉంటాడని ప్రభువుల లెక్క. యజమాని చనిపోయినప్పుడు బానిసకు విముక్తి కలుగుట తరచుగా జరిగేది. విముక్తుడైనవాడు తన సాటి హబ్షీలను కూడగట్టుకొని సొంత దండును ఏర్పరచుకొనేవాడు. అందువలన ఒక్కొక్క హబ్షీ సర్దారు చుట్టూ ఒక చిన్న సమాజము తయారయ్యేది. పెండ్లి సంబంధాలు కూడ ఎక్కువగా ఆ సర్దారుల కుటుంబాల మధ్యనే జరిగేవి.

అయితే దీనిని తేలికైన బానిసత్వమని అనుకొనరాదు. పసితనములో తల్లిదండ్రులనుండి వేరు చేయుట, పేరు మార్చుట, మతము మార్చుట, పదేపదే అమ్మకము ఇందులోనూ ఉన్నాయి. పదవులకు ఎక్కిన కొద్దిమంది పేర్లే చరిత్రలో నిలిచాయి. ఓడలలో, దారిలో, యుద్ధాలలో చనిపోయిన వేలమంది పేర్లు ఎక్కడా లేవు.

ఈ వర్గములో అందరికంటె ప్రసిద్ధుడు మాలిక్ అంబర్. సుమారు 1548లో ఇథియోపియాలో పుట్టి, బాల్యములోనే అమ్ముడుపోయి, చేతులు మారుతూ అహ్మద్‌నగర్ పేష్వా అయిన చంగీజ్ ఖాన్ వద్దకు చేరాడు. ఆ చంగీజ్ ఖాన్ కూడ హబ్షీయే. యజమాని మరణించిన తరువాత స్వేచ్ఛ పొంది, దండును కూర్చుకొని, 1600 తరువాత నిజాంషాహీ రాజ్యమునకు నిజమైన పాలకుడయ్యాడు. 1626లో మరణించేవరకు జహంగీరు సేనలను దక్కనులో నిలువరించాడు. ఖిడ్కీ నగరమును, అనగా తరువాతి ఔరంగాబాదును స్థాపించి, భూగర్భ కాలువలద్వారా నీరు తెప్పించాడు. బీజాపూరులో 1580 దశాబ్దములో దిలావర్ ఖాన్, తరువాత ఇఖ్లాస్ ఖాన్ అనే హబ్షీలు రాజ్యాధికారము నెరపారు. మసూద్ ఖాన్ ఈ వరుసలో దాదాపు చివరివాడు.

ఆదోని

ఆదోని నేటి కర్నూలు జిల్లా పడమటి భాగములో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణము. భౌగోళికముగా ఇది అనంతపురము పీఠభూమికి ఉత్తరపు అంచు. నల్లరేగడి చేలు, మధ్యమధ్య బోడి గుండ్ల కొండలు, వానాకాలములో మాత్రమే పారే వంకలు ఈ సీమ లక్షణాలు. ఏడాదికి పడే వర్షము తక్కువ. అది కూడ నమ్మదగినది కాదు. పాలన రీత్యా కూడ ఆదోనికి, అనంతపురమునకు చాలాకాలము ఒకటే చరిత్ర. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడేవరకు రెండూ బళ్ళారి జిల్లాలో భాగాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని కర్నూలు జిల్లాలో కలిసినది.

ఆదోని కోట ఒకే కొండపై కట్టినది కాదు. పట్టణమునకు ఆనుకొని ఉన్న కొండల గుంపును గోడలతో కలిపి దుర్గముగా మార్చారు. వీటిలో బారాకిల్లా, తాలిబండ ముఖ్యమైనవి. విజయనగర రాజుల కాలములో కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న రాయచూరు సీమనుండి వచ్చే దండులను ఆపుటకు ఇది ఒక ప్రధాన స్థావరము. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగి, రాజధాని పెనుకొండకు తరలిన తరువాత ఉత్తరపు దుర్గాలు ఒక్కొక్కటిగా చేజారాయి. 1568లో ఆదోని బీజాపూరు వశమయినది.

బీజాపూరు తరఫున ఆదోనిని పాలించినవారిలో మసూద్‌కు ముందు పేరు పొందినవాడు మాలిక్ రహ్మాన్ ఖాన్. ఈయన 1604 నుండి 1631 వరకు అధికారములో ఉన్నాడు. ఈయన సమాధి కొండమీద ఉన్నది.

సిద్ది జౌహర్, కర్నూలు

మసూద్ ఖాన్ ఎదుగుదలకు మూలము ఈయన మామ సిద్ది జౌహర్. జౌహర్ కర్నూలు అధికారి మాలిక్ అబ్దుల్ వహాబ్ వద్ద బానిస. కర్నూలులో హంద్రి ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ అబ్దుల్ వహాబ్ సమాధియే. యజమాని చనిపోయిన పిదప జౌహర్ అతని కుమారుని నిర్బంధించి కర్నూలును తన వశము చేసుకొన్నాడు. బీజాపూరు దర్బారు దృష్టిలో ఇది తిరుగుబాటు. కాని జౌహర్ వద్ద బలమైన దండు ఉన్నది. అప్పటికి బీజాపూరుకు శివాజీతో చిక్కు వచ్చిపడినది. శివాజీపై యుద్ధమునకు వెళ్ళుటకు జౌహర్ ఒప్పుకొన్నాడు. సుల్తాను రెండవ అలీ ఆదిల్‌షా అతని అధికారమును గుర్తించి సలాబత్ ఖాన్ అను బిరుదు ఇచ్చాడు.

1660లో జౌహర్ పన్హాళా కోటలో ఉన్న శివాజీని నెలల తరబడి ముట్టడించాడు. ఆ ఏడాది జూలైలో ఒక వానరాత్రి శివాజీ తప్పించుకొని విశాలగఢ్ చేరాడు. బాజీప్రభు దేశపాండే కనుమలో నిలిచి ప్రాణాలు అర్పించిన ఘట్టము ఈ సందర్భములోనిదే. అతనిని వెంబడించిన దండుకు నాయకునిగా మహారాష్ట్ర సంప్రదాయ కథనాలు సిద్ది మసూద్‌ను పేర్కొంటాయి. శివాజీ తప్పించుకొనుటలో జౌహర్‌కు లోపాయికారీ హస్తమున్నదని సుల్తాను అనుమానించాడు. ఇద్దరికీ చెడినది. కొద్దికాలములోనే జౌహర్ మరణించాడు. ఆ తరువాత 1662లో మసూద్ ఖాన్ ఆదోని అధిపతిగా కనిపిస్తాడు.

బానిసగా కొనబడినవాడు ఒక సీమకు ప్రభువై, ఆ ప్రాబల్యమును అల్లునికి అందించుట ఇక్కడ గమనించదగినది. దక్కనులో హబ్షీలు బానిసత్వమునుండి బయటపడిన దారి ఇదే. అడవిలోనికి పారిపోవుట కాక, కోట తాళపుచెవులు చేజిక్కించుకొనుట వారి పద్ధతి.

ఆదోని పాలన

మసూద్ ఖాన్ ఆదోనిని కేవలము కాపలా ఠాణాగా కాక, తన కుటుంబము, దండు స్థిరముగా ఉండవలసిన ఊరుగా చూచాడు. కొండ మీది పాత దుర్గమునకు దిగువన మైదానములో క్రింది కోటను కట్టించాడు. దానితో నివాసాలు, బజారు కూడ గోడల రక్షణలోనికి వచ్చాయి. నేటి ఆదోని పాతబస్తీ స్వరూపమునకు ఈ క్రింది కోటయే ఆధారము.

షాహీ జామియా మసీదు ఈయన కట్టడాలలో ప్రధానమైనది. స్థానికముగా దొరికే రాతితో బీజాపూరు శైలిలో దీనిని నిర్మించారు. వరుస కమానులు, చెక్కిన రాతి పని, విశాలమైన ఆవరణము దీని విశేషాలు. రాజధాని బీజాపూరులో నిర్మాణాలు తగ్గుముఖము పట్టిన కాలములో ఒక పరగణా పట్టణములో ఇంతటి కట్టడము లేచుట మసూద్ ఖాన్ ఆర్థిక బలమును సూచిస్తుంది.

కరువు సీమలో కోటకు బలము గోడలకంటె నీళ్ళలో ఉంటుంది. ఆదోని కొండలలోని వాననీటి దొనలు, దిగువనున్న బావులు ముట్టడి కాలములో ప్రాణాధారాలు. పట్టణములోని వెంకన్న బావిని మసూద్ ఖాన్ దివాను వెంకన్న త్రవ్వించాడని ప్రతీతి. వెంకన్న పేరు మంత్రాలయపు కథలోనూ వినబడుతుంది.

మంత్రాలయము

శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో మంత్రాలయములో సజీవముగా బృందావన ప్రవేశము చేశారు. దానికి ముందు ఆయన ఆదోనికి వచ్చినప్పుడు జరిగినదిగా మఠ సంప్రదాయము ఒక కథను చెబుతుంది. స్వామి అనుగ్రహముతో చదువు అబ్బి దివాను అయిన వెంకన్న ఆయనను నవాబు వద్దకు తీసుకొని వెళ్ళాడు. నవాబు పరీక్షించదలచి, పళ్ళెములో మాంసము పెట్టి వస్త్రము కప్పి సమర్పించాడు. స్వామి తీర్థము చల్లి వస్త్రము తీయించగా అందులో పండ్లు, పూలు ఉన్నాయి. నవాబు పశ్చాత్తాపముతో ఏ గ్రామము కావాలో కోరుకొమ్మనగా, స్వామి తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామమును అడిగారు. సారవంతమైన ఊళ్ళు ఉండగా ఆ ఎండు నేలను అడిగినందుకు నవాబు ఆశ్చర్యపోయి, తరువాత దానిని ఇచ్చాడు.

ఇందులోని మహిమను విశ్వాసమునకు వదలిపెడితే, చరిత్రకు పనికివచ్చే అంశము దానము. బీజాపూరు ఏలుబడిలోని సీమలలో ముస్లిము అధికారులు హిందూ మఠములకు, ఆలయములకు మాన్యములు ఇచ్చుట అసాధారణము కాదు. రెవెన్యూ లెక్కలు బ్రాహ్మణ దివానుల చేతిలో ఉండేవి. హబ్షీ ప్రభువు, కన్నడ-తెలుగు దివాను, మాధ్వ పీఠాధిపతి ఒకే కథలోనికి వచ్చుట ఆనాటి ఆదోని సమాజమును చక్కగా చూపుతుంది. పరదేశమునుండి తేబడినవారి సంతతి స్థానిక జనముతో కలిసి పాలించుటకు ఇటువంటి దానములే దారి.

బీజాపూరు వజీరు

1672 నవంబరులో రెండవ అలీ ఆదిల్‌షా మరణించాడు. ఆయన కుమారుడు సికందర్ అప్పటికి నాలుగేళ్ళ బాలుడు. మొదట హబ్షీ సర్దారు ఖవాస్ ఖాన్ సంరక్షకుడయ్యాడు. 1675లో ఆఫ్ఘను సర్దారు బహ్లోల్ ఖాన్ అతనిని బంధించి, మరుసటి ఏడాది చంపించాడు. అప్పటినుండి దర్బారు రెండు ముఠాలుగా చీలినది. ఒకవైపు దక్కనీలు, హబ్షీలు, మరొకవైపు ఆఫ్ఘనులు. జీతాలు అందని ఆఫ్ఘను సైనికులు నగరములో దోపిడీలకు దిగారు. మొగలు సేనాని దిలేర్ ఖాన్ సరిహద్దులో కాచుకొని ఉన్నాడు.

1677 చివరలో బహ్లోల్ ఖాన్ మరణించాడు. ఆఫ్ఘను సైనికుల బకాయిలు తీర్చుటకు గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా సహాయము చేయునట్లు, మసూద్ ఖాన్ వజీరు అగునట్లు అంగీకారము కుదిరినది. కాని బీజాపూరు కోట జంషీద్ ఖాన్ అనే అధికారి చేతిలో ఉన్నది. అతడు కోటను, బాల సుల్తానును మొగలులకు అప్పగించు ఆలోచనలో ఉన్నాడు.

అప్పుడు మసూద్ ఖాన్ పన్నిన ఉపాయము చరిత్రకారులు తరచు చెప్పేది. మొదట తనకు జబ్బు చేసినట్లు, పిమ్మట చనిపోయినట్లు వార్త పుట్టించాడు. శవపేటికను కొంత సైన్యముతో ఆడంబరముగా ఆదోని దారి పట్టించాడు. మిగిలిన సైనికులు ప్రభువు లేనివారమైనామని చెప్పి జంషీద్ కొలువులో చేరారు. లోపలికి ప్రవేశించినవారు తలుపులు తెరవగా, 1678 ఫిబ్రవరి 21న మసూద్ ఖాన్ సజీవుడై కోటలోనికి వచ్చి వజీరు పదవి చేపట్టాడు.

అయితే రాజ్యము అప్పటికే పతనావస్థలో ఉన్నది. ఖజానా ఖాళీ. సర్దారులలో ఐకమత్యము లేదు. మొగలులను సంతోషపరచుటకు సుల్తాను సోదరి షహర్‌బాను బేగమును 1679 జూలైలో ఔరంగజేబు కొలువుకు పంపవలసి వచ్చినది. అయినను దిలేర్ ఖాన్ ఆ ఏడాదే బీజాపూరుపై దండెత్తాడు. మసూద్ ఖాన్ శివాజీ సహాయము కోరాడు. పందొమ్మిది సంవత్సరాల క్రితము పన్హాళాలో ముట్టడించిన పక్షమువారే ఇప్పుడు సహాయము అడిగారు. శివాజీ సైన్యమును, సామగ్రిని పంపి, మరొకవైపు మొగలు ప్రాంతాలపై దాడి చేశాడు. నగరము లొంగలేదు. దిలేర్ ఖాన్ పరిసర గ్రామాలను పాడుచేసి వెనుదిరిగాడు.

ఆ విజయము ఎక్కువకాలము నిలువలేదు. 1680లో శివాజీ మరణించాడు. 1682 నాటికి ఔరంగజేబు స్వయముగా దక్కనుకు వచ్చాడు. దర్బారులో సర్జాఖాను వంటి సర్దారులు బలపడ్డారు. మసూద్ ఖాన్ 1683 నవంబరులో వజీరు పదవి వదలి ఆదోనికి తిరిగివచ్చాడు. 1686 సెప్టెంబరులో బీజాపూరు, 1687 సెప్టెంబరులో గోల్కొండ మొగలుల వశమయ్యాయి.

ఆదోని ముట్టడి

రెండు రాజధానులు పడిపోయిన తరువాత కూడ ఆదోని లొంగలేదు. ఔరంగజేబు ఫిరోజ్ జంగ్‌ను పెద్ద సైన్యముతో పంపాడు. ఈ ఫిరోజ్ జంగ్ హైదరాబాదు అసఫ్‌జాహీ వంశ స్థాపకుడైన నిజాముల్ ముల్కుకు తండ్రి. రాజులేని రాజ్యమునకు మిగిలిన ఒక కోటను ఒక వృద్ధ సర్దారు కాపాడుట ఈ ముట్టడి స్వభావము. బయటినుండి సహాయము వచ్చే దారి లేదు. చుట్టూ సీమ యుద్ధముతోను, కరువుతోను పాడై ఉన్నది.

లొంగుబాటు గురించి స్థానికముగా ఒక కథ ఉన్నది. మసూద్ ఖాన్‌కు తాను కట్టించిన మసీదుపై ప్రాణమని తెలిసి మొగలు సేనాని ఫిరంగులను దానివైపు త్రిప్పించాడట. అది కూలుట చూడలేక మసూద్ ఖాన్ కోట అప్పగించాడట. ఈ కథలో ఎంత నిజమున్నదన్న మాట అటుంచి, ఆదోని ప్రజలు ఈయనను యోధునిగాకంటె కట్టడము కట్టించినవానిగా గుర్తుంచుకొన్నారని అది తెలుపుతుంది. 1688 ఆగస్టు 6న కోట మొగలుల వశమయినది. దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరు కాగితాలపై, నాణేలపై కొంతకాలము నడిచినది గాని జనము నోట ఆదోని అనే పేరే నిలిచినది.

ఓడిన సర్దారులను మన్సబుదారులుగా చేర్చుకొనుట మొగలుల వాడుక. మసూద్ కుటుంబమునకు కూడ అదే జరిగినది. దానితో ఆదోనిలో స్వతంత్ర హబ్షీ అధికారము అంతమయినది.

ఆదోని చిత్రములు

మసూద్ ఖాన్ చిత్రకళాభిమాని. బీజాపూరు దర్బారు క్షీణించిన రోజులలో అక్కడి చిత్రాలు కొన్ని ఆదోనికి చేరాయి. ముట్టడి తరువాత మొగలు పక్షమున ఉన్న బికనీరు రాజు అనూప్ సింగ్ ఆదోని వ్యవహారాలు చూచాడు. ఆయన వెంట పలు దక్కనీ చిత్రాలు, గ్రంథాలు రాజస్థానుకు వెళ్ళాయి. బికనీరు సంగ్రహములోని కొన్ని చిత్రాల వెనుక ఆదోనిలో దొరికినట్లు వ్రాతలు ఉండుటవలన ఈ సంగతి బయటపడినది. అనూప్ సింగ్ 1698లో ఆదోనిలోనే మరణించాడు.

కరువు, తీరములో బానిస వర్తకము

మసూద్ ఖాన్ పతనమయిన సంవత్సరాలలోనే తెలుగుదేశములో బానిసత్వము మరొక రూపములో కనబడినది. గోల్కొండ పతనము, వెనువెంటనే వచ్చిన క్షామము, వ్యాధులు 1687-88లో ప్రజలను తీరమువైపు తరిమాయి. తిండి లేక తమను, పిల్లలను అమ్ముకొన్నవారిని ఐరోపా వర్తకులు కొని సముద్రము దాటించారు. పులికాట్ వంటి రేవులనుండి డచ్చివారు 17వ శతాబ్దములో కరువు వచ్చిన ప్రతిసారీ బానిసలను బటేవియాకు, సింహళమునకు, కొన్నిసార్లు దక్షిణాఫ్రికా కేప్ తీరమునకు తరలించారు. ఇంగ్లీషువారి మద్రాసు రేవునుండి కూడ ఈ వర్తకము జరిగినది.

ఒక దిక్కున ఆఫ్రికానుండి బానిసలుగా వచ్చినవారి సంతతి ఆదోనిని ఏలుచుండగా, మరొక దిక్కున తెలుగువారు బానిసలై ఆఫ్రికా దక్షిణ తీరము చేరారు. రెండింటికీ మూల కారణాలు యుద్ధము, కరువు. బ్రిటిషు ఇండియాలో బానిసత్వమునకు చట్టబద్ధత 1843 చట్టముతో తొలగినది.

పురావస్తు దృష్టి

బానిసత్వమునుండి తప్పించుకొన్నవారి స్థావరాలను పరిశోధించుట పురావస్తు శాస్త్రములో గత కొన్ని దశాబ్దాలలో పెరిగిన శాఖ. బ్రెజిలులో పల్మారెస్ అను స్వతంత్ర స్థావరాల సమూహము 17వ శతాబ్దమంతా పోర్చుగీసు సేనలను ఎదిరించినది. దాని నాయకుడు జుంబీ 1695లో చంపబడ్డాడు. అది ఉన్న బరిగా కొండపై 1990 దశాబ్దపు మొదటిలో త్రవ్వకాలు జరిగాయి. జమైకాలోని నానీటౌన్, అమెరికాలోని గ్రేట్ డిస్మల్ చిత్తడి అడవి ఇటువంటి పరిశోధన జరిగిన మరికొన్ని స్థలాలు. మారిషస్‌లో పారిపోయిన బానిసలు తలదాచుకొన్న లెమార్న్ కొండ 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. బానిసత్వము రద్దు కాలమునుండి కోరంగి రేవు మీదుగా కూలికి వెళ్ళిన తెలుగువారి సంతతి కూడ ఆ దీవిలోనే నివసిస్తున్నది.

ఈ స్థలాలన్నిటిలో పరిశోధకులకు దొరికేవి చిన్న వస్తువులు. కుండపెంకులు, పొగాకు గొట్టాలు, పొయ్యిల బూడిద, గుంజలు పాతిన గుంతలు. దాగి బ్రతికినవారు పెద్ద కట్టడాలు కట్టరు. ఉన్న చోటు తెలియకుండుటయే వారికి రక్షణ.

భారతదేశములో దీనికి దగ్గరగా ఉన్నది ఉత్తర కన్నడ జిల్లా. గోవాలో పోర్చుగీసుల వద్ద బానిసలుగా ఉన్న ఆఫ్రికావారు కొందరు పడమటి కనుమల అడవులలోనికి పారిపోయి స్థిరపడ్డారు. ఎల్లాపురము, హళియాళ, ముండగోడు ప్రాంతాలలోని సిద్దీల పూర్వీకులలో వారు ఉన్నారు. వారిది రాతి కట్టడాలు లేని చరిత్ర. అది పాటలలో, వాద్యములలో, ఇంటి ఆచారాలలో నిలిచి ఉన్నది.

ఆదోని దీనికి పూర్తిగా వ్యతిరేకము. ఇక్కడ గోడలు, మసీదు, బావులు, సమాధులు కంటికి ఎదురుగా ఉన్నాయి. అయితే ఈ కట్టడాలు ప్రభువు గురించి చెప్పినంతగా ఆయన దండులోని సాధారణ హబ్షీ సైనికుని గురించి చెప్పవు. అతడు క్రింది కోటలో ఏ వాడలో ఉన్నాడు, ఏమి తిన్నాడు, ఏ స్త్రీని వివాహమాడాడు, పిల్లలకు ఏ భాష నేర్పాడు అను ప్రశ్నలకు జవాబులు పాత ఇండ్ల పునాదులలో, శ్మశానాలలో, పెంటదిబ్బలలో వెదకవలసినవి. పల్మారెస్‌లో వాడిన పద్ధతులే ఇక్కడ కూడ పనికివస్తాయి. పట్టణము పెరిగి పాత గోడల రాళ్ళు కొత్త ఇండ్లకు తరలుచున్న కొద్దీ ఆ అవకాశము తగ్గిపోతుంది. కాబట్టి ఆదోనిలో కాపాడవలసినది మసీదు ఒక్కటే కాదు. క్రింది కోట గోడ, బావి మెట్లు, పేరు లేని గోరీలు కూడ చారిత్రక ఆధారాలే.

తరువాతి చరిత్ర

18వ శతాబ్దములో ఆదోని నిజాము రాజ్యములో చేరినది. నిజాము సోదరుడు బసాలత్ జంగ్ 1782లో మరణించేవరకు దీనిని జాగీరుగా అనుభవించాడు. 1786లో టిప్పు సుల్తాను కోటను పట్టుకొని రక్షణ కట్టడాలను పాడుచేశాడు. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినప్పుడు ఆదోని కూడ వాటిలో చేరినది. దత్తమండలముల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో అనంతపురము కేంద్రముగా పనిచేశాడు. మంత్రాలయము మాన్యమును రద్దుచేయుటకు వచ్చిన మన్రోకు రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చారని, మాన్యము కొనసాగినదని మఠములో చెబుతారు. ఆ విధముగా ఆదోని నవాబు పేరిట ఉన్న దానము ప్రభుత్వాలు మారినా నిలిచినది.

దక్కనులో హబ్షీల చరిత్ర మసూద్ ఖాన్‌తో ముగియలేదు. కొంకణ తీరపు జంజీరా సంస్థానము 1948 వరకు సిద్దీల పాలనలో ఉన్నది. హైదరాబాదులో నిజాము ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళము నివసించిన చోటు నేటికీ ఏ.సీ.గార్డ్స్ పేరుతోనే వ్యవహరింపబడుతున్నది.

అంచనా

బీజాపూరు చరిత్ర వ్రాసినవారు మసూద్ ఖాన్‌ను విఫలుడైన వజీరుగా చూచారు. ఐదేళ్ళ పాలనలో ఆయన రాజ్యమును నిలబెట్టలేకపోయిన మాట నిజము. కాని ఆనాటి బీజాపూరును ఎవరైనా నిలబెట్టగలిగేవారా అన్నది సందేహమే. ఆదోనివైపునుండి చూచినప్పుడు చిత్రము వేరు. ఒక బానిస అల్లునిగా అధికారములోనికి వచ్చినవాడు వర్షము లేని సీమలో పాతికేళ్ళు కోటను నిలిపి, ఊరికి గోడ, మసీదు ఇచ్చాడు. తన మతము కాని యతికి గ్రామము ఇచ్చినవానిగా గుర్తుండిపోయాడు. ఆయన రాజ్యము పోయి మూడు శతాబ్దాలు దాటినది. మసీదులో నమాజు, మంచాలలో పూజ సాగుచునే ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

ఆదోని
మంత్రాలయము
మాలిక్ అంబర్
బీజాపూరు ఆదిల్‌షాహీ వంశము
దత్తమండలములు
సిద్దీలు